చామంతికి చీకటి కూడా కావాలి: మీ ప్రశ్నలు, నా జవాబులు

సంక్రాంతి గొబ్బెమ్మల మీద పెట్టిన చామంతులు ఇంకా పూర్తిగా వాడనైనా లేదు, అప్పుడే ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఈ నెల చామంతి తప్ప ఇంకేం రాయడానికి లేకుండా చేశారు మీరంతా, నాకూ అదే ఇష్టం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాను, పొడుగ్గా ఉన్నవాటిని కాస్త కుదించాను.

ప్రశ్న: జూలైలో ఒకే నర్సరీలో నాలుగు చామంతి మొక్కలు కొని, ఒకే మట్టి కలిపి మేడ మీద పెట్టాను. మెట్ల గది వెనకాల ఉన్న రెండూ డిసెంబర్‌లో విరగబూశాయి. పిట్టగోడ పక్కన ఉన్న రెండూ మోకాలెత్తు పెరిగి, ఆకు నిగనిగలాడుతూ ఉన్నాయి కానీ ఇవాళ్టికీ ఒక్క మొగ్గ లేదు. ఎరువు తక్కువైందా? – ఒక గృహిణి, కొత్తపేట

ఎరువు సంగతి కాదమ్మా ఇది. నాలుగింటికీ ఒకే మట్టి, ఒకే ఎరువు, నీళ్ళు పోసేది మీ ఒక్క చెయ్యే, అయినా రెండు పూసి రెండు పూయలేదంటే తేడా కుండీ బయట ఉండాలి. మీరు పంపిన ఫొటో పగలు తీసిందే అయినా, పిట్టగోడ అవతల నుంచి సరిగ్గా మీ మొక్కల తలల మీదికి వంగిన వీధిలైటు అందులో కనిపిస్తూనే ఉంది. మీ రెండు కుండీలకు రాత్రి అనేదే లేదు.

చామంతి రాత్రి పొడవును లెక్కబెట్టుకుని పూసే మొక్క. హైదరాబాద్‌లో జూన్ నెలలో పగలు 13 గంటలు దాటి ఉంటుంది, డిసెంబర్‌కి 11 గంటలకు తగ్గుతుంది. ఆ తగ్గుదలను, అంటే పెరుగుతున్న చీకటిని మొక్క పసిగట్టి, ఇక ఆకులు చాలు మొగ్గ వేద్దాం అనుకుంటుంది. మొక్కల్లో ఈ గుణం ఉందని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1920లో బయటపెట్టారు. తర్వాత 1930లలో రష్యాలో చైలాఖ్యాన్ చామంతుల మీదే ప్రయోగాలు చేసి, రాత్రిని కొలిచేది చిగురు కాదు, ఆకు అని చూపించాడు. ఆకు నుంచి చిగురుకు ఏదో సంకేతం వెళ్తుందని, దానికి ఫ్లోరిజెన్ అని పేరు కూడా పెట్టాడు. ఇందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది: చీకటి ఏకధాటిగా ఉండాలి. అర్ధరాత్రి కొంతసేపు వెలుతురు పడినా సరే, మొక్క ఆ రాత్రిని రెండు చిన్న రాత్రులుగా లెక్కేసుకుని, ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకులు పెంచుకుంటూ పోతుంది. కర్ణాటకలో చామంతి తోటల మీద రాత్రిపూట వరసగా బల్బులు వెలుగుతుంటాయి కదా, ఆ రైతులు ఇదే సూత్రాన్ని తమ లాభానికి వాడుకుంటున్నారు. పూత ఆపి మొక్కను బాగా పెరగనిచ్చి, మార్కెట్లో ధర ఉండే రోజులకు పూలు వచ్చేలా లెక్క చూసుకుని లైట్లు ఆపేస్తారు. వాళ్ళు డబ్బు పెట్టి చేసే పని మీ మేడ మీద వీధిలైటు ఊరికే చేసిపెట్టింది.

నాకిది పుస్తకంలో చదివితే నమ్మకం కుదిరేది కాదేమో. మా మేడ మీద మెట్ల గది గోడకు ఒక బల్బు ఉంది, పైన అద్దెకుండే అబ్బాయి నైట్ డ్యూటీ నుంచి వచ్చేవాడు కాబట్టి ఆ ఏడు రాత్రంతా వేసే ఉంచేవాళ్ళం. దాని కింద ఒక పెద్ద కుండీలో పసుపు చామంతి గుబురుగా పెరిగింది. నవంబర్ చివర్లో చూస్తే, బల్బు వైపు కొమ్మలన్నీ ఉత్త ఆకులు, చివర్లు సన్నగా పైకి సాగిపోయి ఉన్నాయి. గోడ నీడ పడిన రెండు కొమ్మలకు మాత్రం శనగగింజంత మొగ్గలు, ఒక్కో కొమ్మకు ఏడెనిమిది చొప్పున ఉన్నాయి. ఒకే మొక్క, ఒకే వేరు. ఆ రోజు నుంచి చామంతి ఎవరు పెడుతున్నా నేను మొదట అడిగేది మట్టి గురించి కాదు, రాత్రి ఎనిమిదింటికి మేడ మీదికి వెళ్ళి చూడండి, ఆ వెలుతురులో పేపర్లో అక్షరాలు కనిపిస్తున్నాయా అని.

ఇప్పుడు మీరు చేయగలిగింది ఆ రెండు కుండీలనూ మెట్ల గది వెనక్కి జరపడమే. ఈ చలి ఉన్నన్నాళ్ళు రాత్రులు పొడుగ్గానే ఉంటాయి కాబట్టి ఆలస్యంగానైనా కొన్ని పూలు రావచ్చు, రాకపోతే బాధపడకండి, మొక్కకేం కాదు. వచ్చే ఏడు మాత్రం ఆగస్టు చివరి నుంచే చీకటి మూలకు చేర్చండి. జరపడానికి చోటు లేకపోతే సాయంత్రం వీధిలైటు వెలిగేలోపు మందపాటి నల్ల గుడ్డ కప్పి పొద్దున్నే తీసేయండి. మొగ్గలు కళ్ళకు కనబడి రంగు తిరిగేదాకా ఇది రోజూ చేయాలి, వారంలో నాలుగు రోజులు చేసి మానేస్తే ఫలితం ఉండదు. దీపావళికి మేడ మీద పెట్టే సీరియల్ లైట్లకు టెన్షన్ పడొద్దు, నాలుగు రోజుల లైట్లకు పెద్ద నష్టం రాదు. రాత్రంతా వెలిగే బాల్కనీ బల్బుతోనే అసలు ఇబ్బంది.

ప్రశ్న: కార్తీకంలో కొన్న చామంతి కుండీలు ఐదు ఉన్నాయి, పూలు అయిపోయి ఎండు పుల్లల్లా ఉన్నాయి. ఏటా పారేసి కొత్తవి కొంటున్నాం. దాచుకోవచ్చా? దాచుకుంటే మళ్ళీ అంత గుండ్రంగా వస్తాయా? – సైనిక్‌పురి నుంచి ఒకరు. మరో ముగ్గురిదీ దాదాపు ఇదే ప్రశ్న

దయచేసి పారేయకండి. జనవరి ఆఖర్లో అపార్ట్‌మెంట్ చెత్త కుప్పల్లో ప్లాస్టిక్ కుండీతో సహా పడి ఉన్న చామంతులను చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. చామంతి ఒక్క సీజన్‌తో చచ్చిపోయే మొక్క కాదు. పైన పుల్లలు ఎండినా అడుగున బతికే ఉంటుంది. నమ్మకం లేకపోతే కాండం మొదట్లో మట్టిని వేలితో కాస్త పక్కకు తీసి చూడండి, మట్టిలోంచి అడ్డంగా వచ్చి పైకి తల ఎత్తుతున్న లేతాకుపచ్చ పిలకలు కనిపిస్తాయి. వచ్చే ఏటి చామంతి అదే.

పాత కొమ్మలను మట్టికి జానెడు లోపే మిగిలేలా పదునైన కత్తెరతో కోసేయండి. పై మట్టి గుల్ల చేసి, ఒక గుప్పెడు మాగిన పశువుల ఎరువు వేసి నీళ్ళు పోయండి. ఫిబ్రవరి చివరికి పిలకలు నాలుగు వేళ్ళంత అవుతాయి, అప్పుడు వేరుతో సహా విడదీసి వేరే కుండీల్లో పెట్టుకోవచ్చు. ఇక్కడి నుంచి అసలు పరీక్ష మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మేడ మీద చామంతి మాడిపోతుంది, కాబట్టి ఉదయం ఎండ మాత్రమే పడే తూర్పు వైపు పెట్టండి. అప్పుడు బలమైన ఎరువులేవీ వద్దు, బతికి ఉంటే చాలు.

జూన్‌లో వానలు పడగానే ఆ మొక్కల నుంచి కొమ్మలు తీసుకోండి. వేలి పొడవు లేత చివరలు, మొగ్గ లేనివి చూసి తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో ఉంచితే రెండు మూడు వారాల్లో వేళ్ళు వస్తాయి. చాలామంది పాత మొక్కనే కొనసాగిస్తారు, తప్పు లేదు, కానీ కొమ్మతో చేసిన కొత్త మొక్కకు పువ్వు పెద్దగా వస్తుంది, కింద నుంచి ఆకులతో నిండుగా కూడా ఉంటుంది. మట్టిలో ఎర్రమట్టి, మాగిన ఎరువు, ఇసుక దాదాపు సమానంగా ఉంటే సరిపోతుంది. పోసిన నీళ్ళు నిమిషంలో అడుగు నుంచి కారిపోవాలి, అదొక్కటే నేను పట్టుబట్టేది.

ఇక గుండ్రం సంగతి. నర్సరీ కుండీ అంత పొట్టిగా, బంతిలా ఉండటానికి చాలాసార్లు ఎదుగుదలను ఆపే మందు కొట్టి ఉండటమే కారణం. మీ దగ్గరికి వచ్చాక ఆ మందు ప్రభావం పోతుంది, మొక్క తన అసలు ఎత్తుకు పెరుగుతుంది, మీరేదో తప్పు చేశారని కాదు. మందు బదులు మీ వేళ్ళున్నాయి. మొక్క జానెడు ఎత్తయ్యాక తల తుంచండి, పక్క కొమ్మలు నాలుగు వస్తాయి, మూడు వారాలాగి వాటి తలలూ తుంచండి. ఆగస్టు చివర్లో ఆపేయండి. చేతికి అలవాటైపోయి సెప్టెంబర్ మధ్య దాకా తుంచుతూ పోతే మొగ్గలే తుంచేస్తారు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు తుంచకపోయినా, కర్ర ఊతం ఇవ్వకపోయినా గుండ్రంగా పెరిగే చిన్న చామంతి రకాలను తయారుచేశారు, అవి దొరికితే ఈ పని తప్పుతుంది.

ప్రశ్న: మా ఇంటి చామంతులతోనే బతుకమ్మ పేర్చాలని మా అత్తమ్మ కోరిక. కానీ మాకెప్పుడూ బతుకమ్మ వెళ్ళిపోయిన నెలకో రెండు నెలలకో పూస్తాయి. ముందుగా పూయించే మార్గం ఉందా? – బోడుప్పల్

ఉంది, కానీ ఓపిక కావాలి. పైన చెప్పిన చీకటి లెక్కనే తిప్పి వాడాలి. చీకటి మొదలుపెట్టిన నాటి నుంచి పువ్వు విచ్చడానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది, కాబట్టి సద్దుల బతుకమ్మ ఎప్పుడొచ్చిందో క్యాలెండర్లో చూసుకుని అక్కడి నుంచి పది వారాలు వెనక్కి లెక్కపెట్టండి, సాధారణంగా జూలై చివరి వారానికీ ఆగస్టు మధ్యకూ నడుమ పడుతుంది. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి కుండీలను కిటికీ లేని స్టోర్ రూమ్‌లోకి మార్చి పొద్దున ఎనిమిదింటికి బయట పెట్టాలి, రోజూ, మొగ్గలకు రంగు కనిపించేదాకా. గుడ్డ కప్పడం ఆ నెలల్లో అంత మంచిది కాదు, లోపల ఉక్క ఎక్కువై మొగ్గ ఆలస్యమవుతుంది. మొక్క అప్పటికే పెద్దదై ఉండాలి, అంటే ఫిబ్రవరిలో విడదీసిన పిలకలైతేనే అందుకుంటాయి.

రెండు మూడు కుండీలకైతే చేయండి, అత్తమ్మ సంతోషం ముందు ఇదేం పెద్ద శ్రమ కాదు. బతుకమ్మ మొత్తం పేర్చేంత పూలు మాత్రం ఇలా రావు. దానికి జూలై రెండో సగంలో బంతి విత్తనాలు చల్లుకోండి, రెండు రెండున్నర నెలల్లో పూస్తుంది. గునుగు, తంగేడు ఎటూ బయటి నుంచి తెచ్చుకునేవే. పై వరుసలో మీ ఇంటి చామంతులు పెట్టండి.

ప్రశ్న: ఎండిన బంతిపూలు చల్లితే మొక్కలొస్తున్నాయి, దండలోని చామంతులు ఎండబెట్టి చల్లితే ఒక్కటీ మొలవదు. ఎందుకని? – మెహదీపట్నం

మార్కెట్లో దొరికే ముద్ద చామంతిలో విత్తనం పట్టడం చాలా అరుదు. పైగా చామంతి తన పుప్పొడితో తాను విత్తనం కట్టదు, వేరే మొక్క పుప్పొడి కావాలి. దండకు కోసేది కూడా విత్తనం కట్టే వయసు రాకముందే. ఒకవేళ ఎలాగో విత్తనం వచ్చి మొలిచినా తల్లి మొక్క పువ్వు రాదు, రంగూ రూపూ ఏదైనా కావచ్చు. పిలక, కొమ్మ, ఈ రెండే దారులు.

ప్రశ్న: బెంగళూరులో మా అక్కయ్య ఇంటి ముందు నడుమెత్తు పొద ఉంది, బూడిద రంగు చీలిన ఆకులు, ఏడాదిలో చాలా నెలలు పసుపు డైసీ పూలే. చెట్టు చామంతి అంటోంది. కొమ్మ తెచ్చి రెండుసార్లు పెడితే రెండుసార్లూ ఆగస్టులో చచ్చిపోయింది. – మణికొండ నుంచి ఒక తమ్ముడు

ఆకు ఫొటో చూశాను, అది యూరియోప్స్. చామంతి కుటుంబమే, కానీ గట్టి కాండంతో పొదగా పెరుగుతుంది. దాని సొంతూరు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతం, రాతి గుట్టల వాలు మీద ఇసుక నేలలో పెరుగుతుంది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం పొడిగా ఉంటుంది. మనకు వెచ్చగా ఉన్నప్పుడే వానలు, అదీ రోజుల తరబడి. వెచ్చటి తడి మట్టిలో దాని వేరు కుళ్ళిపోతుంది, మీ కొమ్మ రెండుసార్లూ ఆగస్టులోనే పోవడానికి కారణం అదే. బెంగళూరు చల్లదనంలో కొంత తట్టుకుంటుంది.

మళ్ళీ ప్రయత్నించండి, కానీ ఈసారి అక్టోబర్ చివర్లో కొమ్మ పెట్టండి. మట్టిలో సగం ముతక ఇసుక, చిన్న గులకరాళ్ళు ఉండాలి, మట్టి కుండీ అయితే ఇంకా మంచిది. చలికాలం పూర్తి ఎండ ఇవ్వండి, మే నెలలో మధ్యాహ్నం నీడ ఉండాలి. జూన్ రాగానే వాన నేరుగా పడని చూరు కిందికి మార్చి, పైన రెండంగుళాల మట్టి ఎండితేనే నీళ్ళు పోయండి. పూత తగ్గాక మూడో వంతు కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది, ఆకుల్లేని ముదురు కాండం దాకా మాత్రం కోయకండి, అక్కడి నుంచి మళ్ళీ చిగురు రావడం కష్టం. ఇంత చేసినా బెంగళూరులో పూసినట్టు ఇక్కడ పూయదని ముందే చెప్తున్నాను. శీతాకాలం మూడు నాలుగు నెలలు బాగుంటుంది, దానితో తృప్తి పడగలిగితే పెట్టండి.

ప్రశ్న: గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి ఇంట్లో దండలు కట్టి అమ్ముతాను. రెండేళ్ళుగా చామంతి కట్టిన రోజున వేళ్ళ సందుల్లో ఎర్రగా దద్దుర్లు, దురద. మల్లె కడితే ఏమీ కాదు. మందుల వల్లేనా? – పేరు రాయవద్దన్న ఒక అక్క

అక్కా, పూల మీద కొట్టిన మందు కూడా కొంత కారణం కావచ్చు, కానీ చామంతి రసంలోనే చర్మానికి పడని పదార్థాలు ఉన్నాయి, వాటిని సెస్క్విటర్పీన్ లాక్టోన్లు అంటారు. ఏళ్ళ తరబడి చేత్తో పట్టుకునేవాళ్ళలో కొందరికి హఠాత్తుగా ఒక రోజు నుంచి అలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే తనంతట తాను పోయేది కాదు. ఖాళీ జాగాల్లో, రోడ్ల పక్కన తెల్లగా పూసే వయ్యారిభామ కూడా ఈ కుటుంబమే, దానిలోనూ ఇవే రకం పదార్థాలు ఉంటాయి, ఒకటి పడనివాళ్ళకు రెండోది కూడా పడకపోవడం మామూలే. మీ ఇంటి చుట్టుపక్కల అది ఉందేమో చూడండి.

చేతి తొడుగులు వేసుకునే కట్టండి, కట్టాక సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కళ్ళు, మెడ తాకకండి. అయినా దీన్ని తొడుగులతో సరిపెట్టకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి, వీపు మీద పట్టీలు అంటించి దేనివల్ల వస్తోందో తేల్చే పరీక్ష ఉంటుంది. మీకు అన్నం పెట్టే పని ఇది, చేతులు పాడయ్యేదాకా ఆగొద్దు.

ప్రశ్న: చామంతి టీ మంచిదంటున్నారు. పూజకు తెచ్చిన చామంతులు ఎండబెట్టి కాచుకోవచ్చా? – అమీర్‌పేట

వద్దు. ప్యాకెట్ల మీద కామొమైల్ అని ఉండేది వేరే మొక్క, పేరు మాత్రం మనవాళ్ళు చామంతి అనే అనేస్తున్నారు. చైనా వాళ్ళు నిజంగానే చామంతి పూలు కాచుకుని తాగుతారు, కానీ అవి తాగడానికని విడిగా పెంచినవి. దండల కోసం పండించిన పూల మీద ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో మనకు తెలియదు. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే చామంతి మొక్కను వాటికి అందనంత ఎత్తులో పెట్టండి, ఆకు నమిలితే వాంతులు చేసుకుంటాయి.

ప్రశ్న: కింది ఆకులు నల్లమచ్చలు వచ్చి ఎండుతున్నాయి, మొగ్గల మెడ దగ్గర నల్లటి పురుగులు గుంపుగా అంటుకున్నాయి. – ఉప్పల్, అల్వాల్, నిజాంపేట

రెండూ వేర్వేరు. మచ్చలు శిలీంధ్రం వల్ల, నీళ్ళు పోసేటప్పుడు మట్టి చిమ్మి కింది ఆకులకు అంటుకుని పైకి పాకుతుంది. మచ్చపడ్డ ఆకులు తీసి బయట పారేయండి, కుండీలోనే వదిలేయకండి. పైపుతో తల మీది నుంచి తడపడం మానేసి మొదట్లో పోయండి, సాయంత్రం వద్దు, ఉదయం పోయండి. కుండీకి కుండీకి మధ్య చెయ్యి దూరేంత గాలి ఉండాలి.

నల్లవి పేనుబంక. తక్కువగా ఉంటే వేళ్ళతో తుడిచేసి నీళ్ళ ధారతో కడిగేస్తే చాలు. ఎక్కువైతే లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేప నూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి ఎండ తగ్గాక కొట్టండి, వారం ఆగి మళ్ళీ కొట్టాలి. పూలు విచ్చాక కొట్టకండి, రేకులు కమిలిపోతాయి, తేనెటీగలు వచ్చే సమయం కూడా అదే. నిజాంపేట వారు బోరు నీళ్ళతో కొత్త ఆకులు పసుపు తిరుగుతున్నాయని కూడా రాశారు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుము అందడం లేదని అర్థం. మట్టిలో ఇనుమున్నా సున్నం ఎక్కువున్న నీళ్ళ వల్ల మొక్క తీసుకోలేకపోతుంది. వాన నీళ్ళో మంజీరా, కృష్ణా కుళాయి నీళ్ళో వారానికి రెండుసార్లయినా పోసి చూడండి.

ప్రశ్న: చామంతి కూడా పొద్దుతిరుగుడు కుటుంబమే అని మా టీచర్ చెప్పారు. పొద్దుతిరుగుడులో గింజలు ఉంటాయి, చామంతిలో రేకులే ఉన్నాయి. ఎలా? – ఏడో తరగతి, సికింద్రాబాద్

తల్లీ, ఈ నెల ఉత్తరాలన్నింటిలో నాకు బాగా నచ్చింది నీదే. అమ్మనడిగి ఒక చామంతి, ఒక గుండుసూది తీసుకుని కూర్చో. బయటి రేకు ఒకటి మెల్లిగా లాగు, అడుగు చిరిగిపోకుండా. దాని మొదట్లో సన్నటి గొట్టంలా చుట్టుకుని ఉంటుంది చూడు, సూదితో ఆ గొట్టం విప్పితే లోపల దారంలాంటిది ఒకటి, చివర పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది. అది ఆడ భాగం. అంటే నువ్వు రేకు అనుకున్నది రేకు కాదు, ఒక పూర్తి చిన్న పువ్వు. మనం చామంతి పువ్వు అంటున్నది వందల చిన్న పూలు ఒకే పళ్ళెంలో సర్దుకున్న గుత్తి. పొద్దుతిరుగుడులో మధ్యనున్న చిన్న పూలు ఎక్కువ, ఒక్కోటీ ఒక్కో గింజ అవుతుంది. పూజకు కొనే ముద్ద చామంతిలో, మనుషులు వందల ఏళ్ళుగా ఏరి ఏరి పెంచడం వల్ల, మధ్య పూలు తగ్గిపోయి అంచున ఉండే రేకుల పూలే నిండిపోయాయి.

బంతి, కుసుమ, గుంటగలగరాకు, అరకులోయలో పసుపు పరిచినట్టు పూసే వలిసెలు, అన్నీ ఈ కుటుంబమే. మీ స్కూలు గ్రౌండ్ అంచుల్లో గడ్డి చామంతి ఉంటుంది, నేల మీద పాకుతూ, పొడుగాటి కాడ మీద చిన్న పువ్వు. అంచున తెల్లటి రేకుల పూలు ఐదారే ఉంటాయి, మధ్యలో పసుపు గొట్టాల్లాంటి పూలు చాలా. ఒకటి కోసుకొచ్చి తెల్ల కాగితం మీద అన్నీ విడదీసి, అంచువి ఎన్ని, మధ్యవి ఎన్ని అని లెక్కపెట్టి నాకు రాయి. నీ లెక్క వచ్చే నెల ఇక్కడే వేస్తాను.